వేటచిత్రం నుంచి క్షేత్రచిత్రం దాకా: హైదరాబాద్ ప్రాంతంలో వన్యప్రాణుల పరిశీలన, ఛాయాగ్రహణం – ఒక చారిత్రక అనుశీలన

వ్యాససంగ్రహం

వన్యప్రాణుల ప్రవర్తనను గమనించడం, దాన్ని ఛాయాచిత్రంలో నమోదు చేయడం తెలుగు నేల మీద పందొమ్మిదో శతాబ్ది నుంచి అనేక దశలు దాటి వచ్చాయి. వేటచిత్రం, సేకరించిన పక్షిచర్మం, పరిశీలకుని నోటుపుస్తకం, ట్రాప్ కెమెరా, డిజిటల్ చిత్రం అనే ఈ దశలను యూసుఫ్‌గూడ, జూబ్లీహిల్స్ పరిసరాలను కేంద్రంగా చేసుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రతి దశలోనూ చిత్రానికి గాని, నమూనాకు గాని విలువ తెచ్చినది దానితోపాటు ఉన్న రాత అని నిరూపించడం, ఆ రాత తెలుగులో ఎందుకు రావాలో చర్చించడం దీని లక్ష్యాలు.

కీలకపదాలు: క్షేత్రలేఖనం, వన్యప్రాణి ఛాయాగ్రహణం, పక్షి ప్రవర్తన, కలివికోడి, గిజిగాడు, కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం, కవిసమయం.

1. ప్రవేశిక

హైదరాబాద్‌లోని యూసుఫ్‌గూడను తెలుగువారు ప్రధానంగా సినిమాతో ముడిపెట్టి గుర్తుంచుకొంటారు. దాన్ని ఆనుకొని ఉన్న కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టులకు, సాంకేతిక నిపుణులకు, సినిమా మీద ఆశతో ఊళ్లు వదిలి వచ్చినవారికి నివాసం. అక్కడినుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటితే కొద్ది దూరంలోనే కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం వస్తుంది. నడకకు వచ్చేవారితోపాటు పొడవాటి లెన్సులు మోసుకొని నెమళ్ల కోసం, పాలపిట్టల కోసం వచ్చేవారు అక్కడ కనిపిస్తారు. ఒకే ప్రాంతంలో రెండు రకాల కెమెరాలు పనిచేస్తున్నాయన్నమాట. మొదటి కెమెరా ముందు పాత్రధారి చెప్పినట్టు నడుస్తాడు. రెండో కెమెరా వెనుక ఉన్న మనిషి ఎదుటి ప్రాణి తనంతట తాను ఏదో ఒకటి చేసేదాకా కాచుకొని ఉండాలి.

ఈ రెండో కెమెరాకు సంబంధించిన ఒక ప్రశ్న 2025లో హైదరాబాద్‌లో తీవ్రంగా ముందుకు వచ్చింది. ఆ ఏడాది మార్చి చివర, ఏప్రిల్ మొదట హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల భూమిని యంత్రాలతో చదును చేయడం మొదలైనప్పుడు నెమళ్ల, జింకల చిత్రాలు, దృశ్యాలు సామాజిక మాధ్యమాల్లో వెల్లువెత్తాయి. వాటిలో కొన్ని కృత్రిమ మేధతో సృష్టించినవని ప్రభుత్వం ఆరోపించింది. నిజంగా తీసిన చిత్రాలు, కల్పించిన చిత్రాలు ఒకే ప్రవాహంలో కలిసిపోవడంతో అసలు అక్కడ వన్యప్రాణులు ఉన్నాయా అనే ప్రాథమిక విషయమే వివాదాస్పదమైంది.

వన్యప్రాణి చిత్రం ఎప్పుడు సాక్ష్యమవుతుంది? ఈ ప్రశ్న కొత్తగా కనిపించినా దీనికి సమాధానం ఈ ప్రాంతపు చరిత్రలోనే ఉంది. ఆ చరిత్రను కాలక్రమంలో పరిశీలించడం అవసరం.

2. వేటచిత్రం: ప్రాణి పోయాక తీసిన ప్రతిమ

హైదరాబాద్ సంస్థానంలో వన్యమృగం ఛాయాచిత్రంలోకి మొదట వేట ద్వారా ప్రవేశించింది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905) రాజప్రాసాదాలను, దర్బారులను, సైనిక విన్యాసాలను చిత్రించినట్టే వేట విడిదులను కూడా చిత్రించాడు. 1902లో వరంగల్ సమీపంలోని నెక్కొండ దగ్గర వైస్రాయ్ లార్డ్ కర్జన్ వేటాడిన పులితో తీసిన చిత్రం ఈ కోవలో ప్రసిద్ధం. వేటగాడు నిలిచి ఉంటాడు, పులి నేల మీద పడి ఉంటుంది.

దీనికి సాంకేతిక కారణం కొంత ఉంది. అడవి నీడలో కదిలే జంతువును స్పష్టంగా పట్టగల వేగం ఆనాటి పలకలకు, కటకాలకు చాలినంతగా లేదు. చచ్చిన మృగం మాత్రం కదలదు. అంతకుమించిన కారణం ప్రయోజనంలో ఉంది. చిత్రం చెప్పదలచినది వేటాడినవారి హోదాను. పులి ఏ దారిన వచ్చింది, ఏ వేళ తిరుగుతుంది, ఏం తింటుంది అన్నవి ఆ చిత్రానికి పట్టవు.

అయినా ఆ చిత్రం నేటి పరిశోధకునికి నిరుపయోగం కాదు. నెక్కొండ, 1902 అనే రెండు మాటలు దానితో నిలిచి ఉన్నందువల్ల, ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో వరంగల్ పరిసరాల్లో పులి ఉండేదనడానికి అది ఒక ఆధారం. ఆ రెండు మాటలూ లేకుంటే అది ఎక్కడిదైనా కావచ్చు. వైభవ ప్రదర్శనకు తీసిన చిత్రాన్ని వన్యప్రాణి చరిత్రకు ఆధారంగా మార్చినది దానికింది రాత.

ఇదే కాలంలో ఇతర దేశాల్లో బతికి ఉన్న మృగాన్ని చిత్రించే ప్రయత్నాలు సాగుతున్నాయి. అమెరికాలో జార్జ్ షైరస్ రాత్రివేళ మెరుపు దీపంతో తీసిన జింకల చిత్రాలను నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1906లో ప్రచురించింది. భారతదేశంలో సంయుక్త పరగణాల అటవీ అధికారి ఎఫ్. డబ్ల్యూ. ఛాంపియన్ జంతువుల బాట మీద తీగ కట్టి, అడుగు తగలగానే కెమెరా తనంతట తాను పనిచేసే ఏర్పాటుతో పులులను చిత్రించి 1927లో ఒక గ్రంథం వెలువరించాడు. మృగం తనకు తెలియకుండానే తన చిత్రాన్ని తానే తీసుకొనే ఈ పద్ధతి నేటి ట్రాప్ కెమెరాకు పూర్వరూపం.

3. చీటీ కట్టిన చర్మం: జెర్డన్, సలీం అలీ

వేటకు సమాంతరంగా సాగినది శాస్త్రీయ సేకరణ. అందులోనూ తుపాకి ఉంది, కాని ఉద్దేశం వేరు. మద్రాసు సైన్యంలో వైద్యుడైన టి. సి. జెర్డన్ నెల్లూరులో పనిచేసిన కాలంలో యానాదుల నుంచి స్థానిక జీవజాలం గురించి, వాటి పేర్ల గురించి తెలుసుకొన్నాడు. 1862–64 మధ్య వెలువడిన తన భారతీయ పక్షుల గ్రంథంలో ఇతర భాషల పేర్లతోపాటు తెలుగు పేర్లనూ చేర్చాడు. వాటిని అడవిలో తిరిగే జనం నోటినుంచి గ్రహించడం తెలుగు పదచరిత్ర దృష్ట్యా గమనార్హం.

హైదరాబాద్ సంస్థానంలో పక్షుల క్రమబద్ధమైన సర్వే 1931–32లో జరిగింది. నిజాం ప్రభుత్వ సహాయంతో దీన్ని నిర్వహించినవాడు సలీం అలీ (1896–1987). ఈ సర్వే ఫలితాలు హ్యూ విస్లర్ వ్యాఖ్యలతో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో 1933–34లో భాగాలుగా వెలువడ్డాయి. ఆనాటి పద్ధతి ప్రకారం పక్షిని కాల్చి, చర్మాన్ని ఆరబెట్టి, కాలికి చీటీ కట్టి భద్రపరచేవారు. పక్షి దొరికిన చోటు, తేదీ, లింగం, సేకర్త పేరు వంటివి చీటీ మీద ఉంటాయి. చీటీ ఊడిపోయిన చర్మానికి పరిశోధనలో విలువ చాలావరకు పోతుంది. చిత్రానికీ నమూనాకూ వర్తించే సూత్రం ఒకటేనని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

సలీం అలీ కేవలం సేకర్త కాడు. హైదరాబాద్ సర్వేకు ముందు, 1930లో బొంబాయి సమీపంలోని కిహీం గ్రామంలో ఆయన గిజిగాళ్ల కాలనీని దగ్గరనుంచి పరిశీలించాడు. మగ గిజిగాడు గూటిని సగందాకా అల్లుతుంది. ఆడపక్షి వచ్చి ఆ అసంపూర్ణమైన గూళ్లను చూసి, నచ్చినదానిని ఎంచుకొంటుంది. ఆ తర్వాతే మగపక్షి దాన్ని పూర్తిచేసి, మరో గూటి పని మొదలుపెట్టి ఇంకొక ఆడపక్షిని ఆకర్షించే ప్రయత్నం చేస్తుంది. ఈ క్రమం చచ్చిన పక్షి చర్మంలో దొరకదు. ఒక్క చిత్రంలో కూడా దొరకదు. రోజుల తరబడి ఒకే చోట కూర్చొని, చూసినదాన్ని చూసినట్టు రాసుకొంటేనే తెలుస్తుంది.

తెలుగు సాహిత్య విద్యార్థికి గిజిగాడు అనగానే గుఱ్ఱం జాషువ ఖండిక గుర్తుకు వస్తుంది. ఆ పక్షి అల్లికను చూసి ఆశ్చర్యపడే సంప్రదాయం తెలుగులో బలంగా ఉంది. గూటి అందం కవికి కనిపించింది. గూడు సగంలో ఎందుకు ఆగింది అన్న ప్రశ్న క్షేత్రపరిశీలకునికి తట్టింది. ఈ రెండు చూపుల్లో ఏదీ రెండోదాన్ని రద్దు చేయదు. తెలుగులో మొదటి చూపుకు ఘనమైన పరంపర ఉండగా, రెండో చూపుకు ఆ స్థాయిలో గద్యం ఏర్పడలేదన్నది మాత్రం గుర్తించవలసిన లోటు.

4. నోటుపుస్తకం: హైదరాబాద్ పక్షి పరిశీలకుల కృషి

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో రావడంతో తుపాకి పక్కకు తప్పుకొంది. బైనాక్యులర్, నోటుపుస్తకం పరిశీలకుని ప్రధాన సాధనాలయ్యాయి. 1980లో హైదరాబాద్‌లో ఏర్పడిన బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ ఈ మార్పుకు సంస్థారూపం ఇచ్చింది. రాష్ట్ర విభజన తర్వాత ఇది దక్కన్ బర్డర్స్ పేరుతో కొనసాగుతోంది. సంస్థ వెలువరించిన ‘మయూర’ పత్రికలో సభ్యుల పరిశీలనలు అచ్చయ్యేవి. సిరాజ్ తాహెర్, ఆశీష్ పిట్టీ కలిసి 1989లో ఆంధ్రప్రదేశ్ పక్షుల జాబితాను ప్రచురించారు. ఆశీష్ పిట్టీ సంపాదకత్వంలో 2004లో మొదలైన పత్రిక ‘ఇండియన్ బర్డ్స్’ పేరుతో దేశవ్యాప్తంగా పక్షిశాస్త్ర వేదిక అయింది.

ఈ కృషిలో వృత్తిరీత్యా శాస్త్రవేత్తలు కానివారి పాత్ర ఎక్కువ. సెలవురోజు ఉదయం చెరువు గట్టు మీదో, రాళ్ల గుట్టల మధ్యో నడిచి, కనిపించిన జాతులను, సంఖ్యలను రాసుకోవడం వారి పద్ధతి. ఒక్కనాటి జాబితా చిన్న విషయంగా తోచవచ్చు. ఇరవై, ముప్ఫై ఏళ్ల జాబితాలను పక్కపక్కన పెట్టినప్పుడు ఏ చెరువునుంచి ఏ పక్షి తప్పుకొంది, ఏ వలసపక్షి రాక తగ్గింది అన్నవి బయటపడతాయి. పట్టణం గుట్టలనూ చెరువులనూ కబళిస్తూ పెరిగిన కాలంలో ఈ జాబితాలు నగర పర్యావరణ చరిత్రకు ఆకరాలయ్యాయి.

ఈ పరంపర డిజిటల్ రూపంలో కొనసాగుతోంది. ఈబర్డ్ వంటి వేదికల్లో ప్రతి జాబితాకూ స్థలం, తేదీ, సమయం, పరిశీలన వ్యవధి నమోదవుతాయి. 2025లో హైదరాబాద్ బర్డింగ్ పాల్స్, దక్కన్ బర్డర్స్, డబ్ల్యూడబ్ల్యూఎఫ్–ఇండియా కలిసి నగర పక్షుల అట్లాస్‌కు పూనుకొన్నాయి. నగరాన్ని గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలో ఒకే పద్ధతిలో పక్షులను లెక్కించడం దీనిలోని విశేషం. అందమైన పక్షి ఉన్న చోటికే అందరూ పోవడం వల్ల వచ్చే అసమానతను ఈ పద్ధతి సరిచేస్తుంది.

5. కలివికోడి: అడుగుజాడ, కెమెరా, స్థానిక జ్ఞానం

తెలుగు నేల మీద పరిశీలనకూ ఛాయాగ్రహణానికీ గల సంబంధాన్ని అన్నిటికంటె స్పష్టంగా చూపే ఉదాహరణ కలివికోడి. 1848లో బ్లైత్ ఈ పక్షిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఆంగ్లంలో దానికి జెర్డన్ పేరు స్థిరపడింది. 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించాక ఎనభై ఏళ్లకు పైగా దాని జాడ శాస్త్రవేత్తలకు తెలియలేదు. అది అంతరించిందనే అభిప్రాయం బలపడుతున్న దశలో 1986 జనవరిలో కడప జిల్లాలోని లంకమల పరిసరాల్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాన్ని తిరిగి కనుగొన్నాడు. పక్షిని చూపి, పట్టి తెచ్చినవాడు ఒక స్థానిక వేటగాడు. శాస్త్రానికి కనబడకుండాపోయిన కాలమంతా ఆ పక్షి అక్కడివారి నోట ‘కలివికోడి’గా బతికే ఉంది. కలివి పొదల మధ్య తిరిగే కోడివంటి పక్షి అని ఆ పేరుకు అర్థం. పేరులోనే ఆవాసం నమోదై ఉంది. శాస్త్రీయ పదావళి సేకర్తను స్మరిస్తే, ప్రజల పదావళి పరిశీలనను భద్రపరచింది.

రాత్రిపూట తిరిగే ఈ పక్షిని వెతకడం తేలిక కాదు. పరిశోధకుడు పి. జగన్నాథన్, ఆయన సహచరులు అనుసరించిన పద్ధతిని 2002లో ‘ఓరిక్స్’ పత్రికలో వివరించారు. పొదల మధ్య నేలను శుభ్రంచేసి మెత్తని మట్టి పరచి, అడుగుజాడల పట్టీలను తయారుచేశారు. ఉదయం వాటి మీది పాదముద్రలను పరిశీలించి, వేరే పక్షుల ముద్రల నుంచి కలివికోడి ముద్రలను వేరుచేశారు. దానికి తోడుగా తనంతట తాను పనిచేసే కెమెరాలను అమర్చి చిత్రాలను పొందారు. ఇక్కడ పాదముద్ర ఎక్కడ వెతకాలో చెప్పింది, చిత్రం ఆ ముద్ర ఎవరిదో ధ్రువపరచింది. ఒకదానికొకటి ఆసరా కావడం వల్లనే రెండింటికీ ప్రామాణికత వచ్చింది.

ఈ సమాచారం కాగితానికే పరిమితం కాలేదు. తెలుగుగంగ కాలువ పనులు ఈ పక్షి ఆవాసం మీదికి వచ్చినప్పుడు, అది ఎక్కడెక్కడ తిరుగుతున్నదో చూపే ఆధారాలు ఉన్నందువల్లనే కాలువ మార్గాన్ని మార్చే నిర్ణయం సాధ్యమైంది. ‘ఇక్కడ అరుదైన పక్షి ఉందట’ అన్న మాట కాలువను కదిలించలేదు. చోటు, తేదీ, జాడ, చిత్రం కలిసిన నమోదు కదిలించింది.

6. యూసుఫ్‌గూడ పరిసరాలు: నటింపజేసే కెమెరా, కాచుకొనే కెమెరా

తెలుగు సినిమా మద్రాసు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చే క్రమంలో అమీర్‌పేట వైపు సారథీ స్టూడియో 1950ల చివర, అన్నపూర్ణ స్టూడియో 1970ల మధ్యలో వచ్చాయి. యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్ సినిమా ప్రాంతాలుగా రూపుదిద్దుకొన్నాయి. తెలుగు ప్రేక్షకులకు అడవి జంతువు పెద్దయెత్తున కనిపించింది ఈ సినిమాల్లోనే. 1977లో వచ్చిన ‘అడవి రాముడు’ను మదుమలై అడవుల్లో చిత్రించారు. అందులో ఏనుగులు కథలో భాగం. 1993 నాటి ‘రాజేంద్రుడు గజేంద్రుడు’లో ఏనుగు దాదాపు నాయకపాత్రే. ఈ జంతువులు శిక్షణ పొందినవి. మనుషుల కృతజ్ఞత, పగ, విశ్వాసం వాటికి ఆరోపించబడ్డాయి. ఇది కథాకల్పనకు సహజమే. కాని ప్రేక్షకుని మనసులో జంతు ప్రవర్తన అంటే మనిషి భావాలకు ప్రతిబింబమనే అవగాహన ఇలాగే స్థిరపడింది.

చట్టం క్రమంగా ఈ రంగంలోకి ప్రవేశించింది. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుతపులి, సింహాలను ప్రదర్శనకు శిక్షణ ఇవ్వడాన్ని, ప్రదర్శించడాన్ని కేంద్రప్రభుత్వం 1998లో నిషేధించింది. మిగిలిన జంతువుల ప్రదర్శనకు 2001 నాటి నిబంధనల ప్రకారం నమోదు తప్పనిసరి. తర్వాతి కాలపు చిత్రాల్లో పులి కంప్యూటర్ సృష్టిగా మారింది. ‘ఆర్ఆర్ఆర్’ (2022) ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. జంతువుకు హింస తప్పడం నిస్సందేహంగా మేలు. అయితే తెర మీది పులికి, అడవిలోని పులికి మధ్య చివరి భౌతిక సంబంధం కూడా దీనితో తెగిపోయింది.

ఇందుకు భిన్నమైన చూపును ఈ ప్రాంతంలోనే నేర్చుకోవచ్చు. 1964–71 మధ్య ముఖ్యమంత్రిగా పనిచేసిన కాసు బ్రహ్మానందరెడ్డి పేరుతో ఉన్న జాతీయ ఉద్యానం 1990ల దశకంలో ఏర్పడింది. అంతకుముందు అది నిజాం వారసుడు ముకర్రం జా కట్టించిన చిరాన్ ప్యాలెస్ ఆవరణ. దీని విస్తీర్ణం ఒకటిన్నర చదరపు కిలోమీటర్లలోపే. చుట్టూ దట్టమైన నగరం ఉన్నా ఈ రాళ్లూ పొదల అడవిలో నెమళ్లు స్వేచ్ఛగా తిరుగుతాయి.

పురివిప్పిన నెమలి చిత్రం ఈ ఉద్యానానికి గుర్తుగా మారింది. కాని ఆ చిత్రం ఏమి చెబుతుంది? మబ్బును చూసి నెమలి ఆడుతుందన్నది మన కవిసమయం. పరిశీలన ప్రకారం నెమలి పురివిప్పడం ఆడపక్షిని ఆకర్షించడానికి. వానకాలం దాని సంతానోత్పత్తి కాలం కనుక ఆ ప్రదర్శన మబ్బులు పట్టిన రోజుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఆ కాలం ముగిశాక మగనెమలి పింఛాన్ని రాల్చి మళ్లీ పెంచుకొంటుంది. కనుక చిత్రంతోపాటు నెల, వేళ, దగ్గరలో ఆడనెమలి ఉన్నదీ లేనిదీ, పురి ఎంతసేపు విప్పి ఉంచినదీ రాసి ఉంటే అది ప్రవర్తనకు ఆధారం. ఆ వివరాలు లేనప్పుడు అది అలంకారచిత్రం మాత్రమే.

కవిసమయాన్ని తప్పుగా తోసిపుచ్చడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఋతువుకూ పక్షి ప్రవర్తనకూ గల సంబంధాన్ని అది సరిగానే పట్టుకొంది, కారణాన్ని మాత్రం కావ్యోచితంగా కల్పించింది. చాతకం విషయమూ ఇంతే. వానచినుకు కోసం అది ఎదురుచూస్తుందనే కల్పన వెనుక, ఉత్తర, మధ్య భారతాల్లో ఆ పక్షి ఋతుపవనాలతోపాటు వలస వస్తుందనే వాస్తవం ఉంది.

7. చూపే హాని చేసినప్పుడు

పరిశీలన ఎప్పుడూ నిరపాయమైనది కాదు. తెలంగాణలో దసరానాడు పాలపిట్టను చూడటం శుభమని విశ్వాసం. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా. పొలాలు, చెట్లు దగ్గరగా ఉన్న ఊళ్లలో జనం ఊరిబయటికి నడిచి పక్షిని వెతికేవారు. ఆ ఆచారంలో పక్షి దగ్గరికి మనిషి పోవడం ఉంది. నగరంలో పక్షినే మనిషి దగ్గరికి తెచ్చారు. పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి డబ్బుకు చూపించే వ్యాపారం బయలుదేరింది. జతకట్టే కాలంలో గాలిలో పల్టీలు కొట్టడం పాలపిట్ట సహజ లక్షణం. పంజరంలో చూసినవాడు ఆ పక్షిని చూసినట్టే గాని దాని నడవడిని చూసినట్టు కాదు.

ఛాయాగ్రహణం కూడా ఈ పంజరానికి సూక్ష్మరూపం కాగలదు. గూటికి అడ్డంగా ఉన్న కొమ్మలను నరికి వెలుతురు రప్పించడం, ముద్రించిన పిలుపు వినిపించి పక్షిని రప్పించడం, ఎరవేసి వేటపక్షిని దించడం నేటి చిత్రాల వెనుక దాగి ఉండే పద్ధతులు. కొమ్మ నరికిన గూటిలోని పిల్లలు ఎండకూ కాకులకూ బలి అవుతాయి. అందువల్ల గూటి చిత్రాలను అనేక పోటీలు, పత్రికలు స్వీకరించడం లేదు. ఇటువంటి చిత్రాలు శాస్త్రరీత్యా కూడా తప్పుదారి పట్టిస్తాయి. పిలుపు వినిపించినందువల్ల వచ్చిన పక్షి కోపాన్ని దాని సహజ ప్రవర్తనగా చూపడం అసత్యమే అవుతుంది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యాల్లోకి, జాతీయ ఉద్యానాల్లోకి ప్రవేశానికి అనుమతి ఇవ్వదగిన ప్రయోజనాల్లో అధ్యయనం, ఛాయాగ్రహణం ఉన్నాయి. 2022 సవరణ ఛాయాగ్రహణానికి సినిమా చిత్రీకరణను జతచేసి, ఆవాసానికి మార్పుగాని ప్రాణులకు హానిగాని కలిగించరాదనే షరతు విధించింది. నటింపజేసే కెమెరాకూ కాచుకొనే కెమెరాకూ ఒకే బాధ్యత అని చట్టం చెప్పినట్లయింది.

8. చిత్రాల వెల్లువలో సాక్ష్యం

సంఖ్య పెరిగినంత మాత్రాన చిత్రాలు జ్ఞానం కావని ట్రాప్ కెమెరాల అనుభవం చెబుతుంది. 2018 జాతీయ పులుల గణనలో 26,838 చోట్ల అమర్చిన కెమెరాలు 3,48,58,623 చిత్రాలు తీశాయి. వాటిలో పులులవి 76,651, చిరుతలవి 51,777. ఒక్కొక్క చిత్రానికి స్థలం, తేదీ, సమయం ఉన్నాయి. పులి చారలు వేలిముద్రల వలె దేనికదే ప్రత్యేకం. వాటిని పోల్చి ఒక్కొక్క పులిని గుర్తించడం ద్వారా లెక్క తేలింది. ఆ చిత్రాల్లో చాలావాటికి కళావిలువ ఉండకపోవచ్చు. వెనక్కి తిరిగి ఉన్న జంతువు, చిత్రం అంచున తెగిపోయిన తోక కూడా అక్కడ పనికివస్తాయి.

కంచ గచ్చిబౌలి ఉదంతాన్ని ఈ వెలుగులో చూడాలి. సామాజిక మాధ్యమాల చిత్రాలు ప్రజల దృష్టిని ఆకర్షించాయి, ఆందోళనకు బలమిచ్చాయి. అయితే ఏ చిత్రం ఎవరు, ఎప్పుడు, ఎక్కడ తీశారో తెలియనప్పుడు కొన్ని కల్పిత చిత్రాలు నిజమైనవాటి విశ్వసనీయతను కూడా దెబ్బతీయగలిగాయి. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులను ఆపివేయాలని ఆదేశించినప్పుడు దాని ముందున్నది, న్యాయస్థానం పంపగా స్వయంగా ఆ స్థలానికి వెళ్లి చూసిన తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రార్ నివేదిక. అక్కడ నెమళ్లు, జింకలు, పక్షులు కనిపించాయని ఆ నివేదిక పేర్కొంది. చూసినవారెవరో, ఎప్పుడు చూశారో, ఎక్కడ చూశారో అందులో స్పష్టం. స్వరూపంలో అది న్యాయపత్రమే అయినా, స్వభావంలో క్షేత్రలేఖనం.

ఏళ్ల తరబడి అదే ప్రాంతంలో పక్షులను నమోదు చేసినవారి జాబితాల ప్రాధాన్యం కూడా ఇటువంటి సందర్భాల్లోనే తెలుస్తుంది. వివాదం తలెత్తిన తర్వాత తీసిన చిత్రాన్ని శంకించవచ్చు. వివాదానికి ఎన్నో ఏళ్ల ముందు, ఏ ప్రయోజనమూ ఆశించకుండా రాసిపెట్టిన జాబితాను శంకించడం కష్టం.

9. తెలుగులో క్షేత్రలేఖనం: ఆవశ్యకత

పైన పేర్కొన్న కృషిలో అత్యధిక భాగం ఆంగ్లంలోనే నమోదైంది. జెర్డన్ గ్రంథం, సలీం అలీ సర్వే, ‘మయూర’, కలివికోడి పరిశోధన అన్నీ ఆ భాషలోనివే. వాటికి ఆధారమైన సమాచారాన్ని ఇచ్చినవారిలో మాత్రం యానాదులు, చెంచులు, పశువుల కాపరులు, పిట్టలవేటగాళ్లు వంటివారి భాగం పెద్దది. వారు చెప్పింది తెలుగులో. పరిశీలన తెలుగులో జరిగి, నమోదు మరో భాషలో మిగిలినందువల్ల ఆ జ్ఞానం తిరిగి వారి పిల్లల పాఠ్యపుస్తకాల్లోకి రాలేదు.

భాషాపరంగా చూస్తే తెలుగు పక్షినామాలు పరిశీలనల సంపుటాలు. కలివికోడి ఆవాసాన్ని చెబుతుంది. తీతువు వంటి పేరు ఆ పక్షి కూతను అనుకరిస్తుంది. తీతువు రాత్రి అరిస్తే అశుభమని లోకవిశ్వాసం. ఆ పక్షి నేల మీదే గుడ్లు పెడుతుంది కనుక మనిషో, కుక్కో దగ్గరికి వచ్చినప్పుడు గోల చేస్తుందని పరిశీలన. విశ్వాసం, పరిశీలన రెండూ ఒకే ధ్వనిని ఆధారం చేసుకొన్నవే. ఈ పేర్లను మాండలిక భేదాలతో, చెప్పిన ఊరు, సందర్భం వివరాలతో సేకరించడం తెలుగు శాఖల్లో పరిశోధన చేస్తున్నవారికి అందుబాటులో ఉన్న పని. ఇందుకు ఖరీదైన లెన్సు అవసరం లేదు.

క్షేత్రలేఖనానికి ప్రత్యేకమైన గద్యశైలి కూడా కావాలి. ఉపమానాలు, మనిషి భావాల ఆరోపణ తగ్గించి, కనిపించిన క్రియను కనిపించిన క్రమంలో చెప్పగల శైలి అది. ‘నెమలి గర్వంగా ఆడింది’ అనేది వ్యాఖ్యానం. ‘మగనెమలి పురివిప్పి, ఈకలను గలగలలాడిస్తూ, ఆడనెమలి కదిలిన వైపు తిరిగింది’ అనేది పరిశీలన. రెండో వాక్యం నుంచి మొదటిదాన్ని ఊహించవచ్చు. మొదటి వాక్యం నుంచి రెండోదాన్ని తిరిగి రాబట్టలేము.

10. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. హైదరాబాద్ ప్రాంతంలో వన్యప్రాణి నమోదు వేటచిత్రంతో మొదలై, సేకరించిన చర్మం, నోటుపుస్తకం, ట్రాప్ కెమెరా, డిజిటల్ జాబితాల మీదుగా సాగింది. సాధనం మారినప్పుడల్లా అడగగలిగిన ప్రశ్న కూడా మారింది. ప్రాణి బతికి ఉండగా చూసే సాధనాలు వచ్చిన తర్వాతే ప్రవర్తన అధ్యయన విషయమైంది.

2. నెక్కొండ పులి చిత్రం మొదలుకొని పులుల గణన దాకా ప్రతి దశలోనూ చిత్రానికి సాక్ష్యవిలువ ఇచ్చినది స్థలం, కాలం, పరిశీలకుడు, సందర్భం అనే నాలుగు వివరాలు.

3. కలివికోడి విషయంలో స్థానిక జ్ఞానం, అడుగుజాడ, కెమెరా ఒకదాన్నొకటి బలపరచుకొన్నాయి. ఫలితంగా ఒక కాలువ మార్గం మారింది.

4. యూసుఫ్‌గూడ పరిసరాల్లో సినిమా కెమెరా, వన్యప్రాణి కెమెరా పక్కపక్కనే ఉన్నా వాటి ధర్మాలు వేరు. ఎరతో, పిలుపుతో ప్రాణిని నటింపజేసినప్పుడు రెండో కెమెరా మొదటిదానిగా మారిపోతుంది.

5. కృత్రిమ చిత్రాలు తేలికగా పుట్టే కాలంలో, ముందునుంచి రాసి ఉంచిన క్షేత్రలేఖనమే నిజమైన చిత్రాలకు రక్ష. దాన్ని తెలుగులో పెంపొందించడం, పక్షినామాలను వాటి సందర్భాలతో సేకరించడం తెలుగు శాఖలు చేపట్టదగిన పరిశోధన. కంచలు, గుట్టలు, చెరువులు తగ్గిపోతున్న కొద్దీ ఆ పేర్లు చెప్పగలిగినవారూ తగ్గిపోతున్నారు కనుక ఇందులో జాప్యానికి తావు లేదు.